బండిని మోసే బండి

పురానాపూల్ ప్రాంతంలో కార్ల మరమ్మతు దుకాణం నడుపుతున్న ఒక శ్రోత మాకు ఉత్తరం వ్రాశారు. మూసీ పొంగినప్పుడల్లా నీట మునిగిన కార్లను దుకాణానికి చేర్చడం తమకు పెద్ద సమస్యగా ఉన్నదనీ, అందుకై ఒక ట్రైలరు చేయించదలచుకున్నామనీ, జుమ్మెరాత్ బజారులో పాత కారు ఇరుసు ఒకటి చౌకగా దొరికిందనీ తెలిపారు. లాగడానికి వారి వద్ద జీపు వంటి వాహనం ఒకటి ఉన్నది. వారి ప్రశ్నలు మూడు: ఆ ఇరుసుకు ఎటువంటి కమానులు కట్టించాలి? చక్రాలకు ఏ బేరింగులు మేలు? లాగే జీపుకు బ్రేకులుండగా వెనుకనున్న ట్రైలరుకు మళ్ళీ బ్రేకులు అవసరమా?

మూడవ ప్రశ్న చదివినప్పుడు నాకు కొంత భయం కలిగిన మాట నిజం. వారికి విడిగా జాబు వ్రాసి ఊరుకోవచ్చును. కాని ఈ ప్రశ్న ఒక్కరిది కాదు. మన రోడ్లమీద ట్రాక్టరు వెనుకను, జీపు వెనుకను బ్రేకులు లేని ట్రైలర్లు ఎన్నో తిరుగుతున్నవి. వాటి యజమానులలో పలువురు ఇదే మాట అంటారు: "ముందు బండికి ఉన్నవి కదా!" అందుచేత ఈ ప్రసంగాన్ని ఆ ఉత్తరానికి సమాధానంగానే రూపొందించాను.

నీట మునిగిన కారును తాడు కట్టి ఈడ్చుకొని పోరాదా అని కొందరికి తోచవచ్చును. ఇంజనులోకి నీరు చేరిన కారును నడిపితే, లేక గేరులో ఉంచి లాగితే, నీరు గాలివలె అణగదు గనుక లోపలి కడ్డీలు వంగిపోతవి. ఆటోమేటిక్ గేరు ఉన్న కార్లను చోదక చక్రాలు నేలమీద దొర్లేటట్లు దూరం లాగితే గేరుపెట్టె చెడుతుంది. నీరు త్రాగిన బ్రేకులు ఏ క్షణాన పట్టుకొంటవో, ఏ క్షణాన పట్టవో చెప్పలేము. కనుక అటువంటి కారును నాలుగు చక్రాలూ నేలనుంచి లేపి, మరొక బండిమీద ఎక్కించి తీసికొనిపోవడమే క్షేమం. 2020 అక్టోబరులో పాతబస్తీలోని అనేక కాలనీలు నీట మునిగినప్పుడు, 2025 సెప్టెంబరులో మూసీ మళ్ళీ ఒడ్డులు దాటినప్పుడు ఈ అవసరం ఎంతటిదో నగరవాసులకు తెలిసివచ్చినది.

ఇంతకూ ఆ శ్రోత ఉన్న చోటికి పేరునిచ్చిన వంతెననే చూడండి. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా గోలకొండ నుంచి మూసీ ఆవలి ఒడ్డుకు దారి కల్పిస్తూ కట్టించిన వంతెన అది. హైదరాబాదు నగరం పుట్టడానికి ముందే పుట్టినది. ఇరవైకి పైగా ఉన్న దాని రాతి కమానుల మీదుగా శతాబ్దాల తరబడి ఎడ్లబండ్లు నడిచినవి. 1908 సెప్టెంబరు 28నాటి మహావరదలో దెబ్బతిని, మరమ్మతు పొంది, నేటికీ నిలిచి ఉన్నది. ఇప్పుడు మోటారు వాహనాలు దాని ప్రక్కన కట్టిన క్రొత్త వంతెన మీదుగా పోతున్నవి.

వంతెన వంపునూ కమాను అంటాము, బండి క్రింద ఉండే ఉక్కు పట్టీల కట్టనూ కమాను అంటాము. రెండింటికీ ఆ పేరు పారశీకంలో విల్లు అనే అర్థంగల మాట నుంచి వచ్చినది. రెండూ విల్లు ఆకారంగానే ఉంటవి, రెండూ బరువు మోస్తవి. ఐతే రాతి కమాను కదలకుండా నిలిచి మోస్తుంది. ఉక్కు కమాను వంగి, లేచి, మళ్ళీ వంగి మోస్తుంది. మన శ్రోత మొదటి ప్రశ్నకు సమాధానం ఈ వంగడంలోనే ఉన్నది. కాని దానికి ముందు బరువు తేల్చుకోవలెను. బరువు తెలియకుండా కమాను గాని, బేరింగు గాని, బ్రేకు గాని ఎన్నుకోవడం, కొలతలు తీయకుండా చొక్కా కుట్టించడం వంటిది. మూడు ప్రశ్నలకూ మూలమైన అంకె ఒక్కటే.

మధ్యతరహా చిన్నకారు ఒకటి 1,100 కిలోలు ఉన్నదనుకొందాము. కారును మోయగల ఉక్కు చట్రం, చక్రాలు, ఎక్కించే పలకలు కలిపి ట్రైలరు తూకం 500 కిలోలు అనుకొంటే మొత్తం 1,600 కిలోలు. నీట నానిన సీట్లు, లోపల చేరిన బురద వీటికి అదనం. పెద్ద కారులైతే ఒక్క కారే 1,800 కిలోల వరకు తూగవచ్చును. చాలమంది మోయవలసిన కారు బరువును మాత్రమే లెక్కలోకి తీసికొని, ట్రైలరు స్వంత బరువును మరచిపోతారు. ఇరుసుకు మాత్రం అటువంటి మతిమరుపు లేదు!

ఈ 1,600 కిలోలలో కొంత భాగం ముందు కొక్కెం ద్వారా జీపుమీద పడుతుంది. ఎంత పడవలెననే సంగతి మన పల్లెటూరి బండివానికి ఎవరూ చెప్పనక్కరలేదు. బండిలో బరువు ముందుకు మొగ్గితే కాడి ఎద్దుల మెడలు ఒరుస్తుంది. వెనుకకు మొగ్గితే కాడి పైకి లేచి మెడపట్టెలు ఎద్దుల గొంతు నొక్కుతవి. కొద్దిపాటి బరువు మాత్రం ఎప్పుడూ కాడిమీద ఉండేటట్లు అతడు బస్తాలు సర్దుతాడు. ట్రైలరు విషయంలోనూ సూత్రం అదే. అమెరికాలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం వరకు కొక్కెంపై ఉండవలెనంటారు. ఐరోపాలో ఇంకా తక్కువ ఉంచుతారు. మనం సుమారు పదవ వంతు అనుకొంటే 160 కిలోలు అవుతుంది. లాగే వాహనం తయారీదారు ఇంతకన్న తక్కువ పరిమితి విధించి ఉంటే ఆ పరిమితినే పాటించవలెను.

బరువు వెనుకకు మొగ్గితే ఏమవుతుంది? మోటారు బండికి మెడ లేదు గనుక గొంతు నొక్కుకొనదు. దానికి బదులు ట్రైలరు పామువలె ప్రక్కలకు ఊగడం మొదలిడుతుంది. వేగం పెరిగినకొద్దీ ఆ ఊగు పెరిగి, చివరకు వెనుకబండి ముందుబండిని త్రిప్పివేస్తుంది. కొక్కెం నుంచి ఇరుసుల నడిమి వరకు దూరం మూడున్నర మీటర్లు ఉన్న ట్రైలరుమీద, 1,100 కిలోల కారును ఒక జానెడు వెనుకకు జరిపితే కొక్కెం మీది బరువు 70 కిలోల వరకు తగ్గిపోతుంది. ఒక్క జానెడు! కాబట్టి ఇంజను ముందున్న కారును ముందుకు ముఖం పెట్టి ఎక్కించడం, ఏ కారు ఎక్కడ నిలవవలెనో పలకమీద రంగుగీత గీసి ఉంచుకోవడం మంచిది. ఊగు ఆరంభమైతే ఉలిక్కిపడి బ్రేకు నొక్కరాదు, వేగం పెంచరాదు. చుక్కాని నిలకడగా పట్టుకొని యాక్సిలరేటరు మీది కాలు మెల్లగా తీసివేయవలెను.

ఇప్పుడు ఇరుసుల సంగతి. కొక్కెం మీది 160 పోగా మిగిలిన 1,440 కిలోలు చక్రాలమీద ఉన్నవి. ఒకే ఇరుసు ఐతే చక్రానికి 720, రెండు ఇరుసులైతే చక్రానికి 360 కిలోలు. ఆటోరిక్షాలను, మోటారు సైకిళ్ళను మోసే ట్రైలరుకు ఒక ఇరుసు చాలును. కారును మోసే దానికి రెండు ఉండవలెనని నా అభిప్రాయం. ఒక టైరు పగిలినా రెండవది నిలబెడుతుంది. పురానాపూల్, ధూల్‌పేట వంటి చోట్ల ఇరుకు సందులలో రెండిరుసుల బండిని మలుపు త్రిప్పడం కష్టమే. టైర్లు ప్రక్కకు ఒరుసుకొని అరుగుతవి. ఆ అరుగుదలను ఓర్చుకోవడమే ఉత్తమం.

కమానులకు వద్దాము. నేడు వాడుకలో ఉన్న పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి మనకు చిరపరిచితమైన ఉక్కు పట్టీల కట్ట. రెండవది, ఉక్కు గొట్టంలో రబ్బరు త్రాళ్ళు బిగించి, చక్రం లేచినప్పుడు ఆ రబ్బరు నలిగి ఒత్తిడిని భరించేటట్లు చేసిన ఇరుసు. ఈ రబ్బరు ఇరుసు చూడడానికి ముచ్చటగా ఉంటుంది. చప్పుడు చేయదు, నూనె అడగదు, ట్రైలరు నేలకు దగ్గరగా ఉండటానికి తోడ్పడుతుంది. కాని రబ్బరు అలసిపోయిన నాడు మన దుకాణాలలో దానిని బాగుచేయడం సాధ్యం కాదు, ఇరుసంతా మార్చవలసి వస్తుంది. ఇంతకంటె ముఖ్యమైన లోపం మరొకటి. రెండు రబ్బరు ఇరుసులకు పరస్పర సంబంధం ఉండదు. ముందు చక్రం స్పీడుబ్రేకరు ఎక్కినప్పుడు బరువులో అధికభాగం ఆ ఒక్క ఇరుసుమీదనే పడుతుంది, మరుక్షణం రెండవదానిమీద పడుతుంది.

ఉక్కు పట్టీల కమానులలో ముందు కట్టకు, వెనుక కట్టకు నడుమ త్రాసు దండె వంటి ఒక ముక్క బిగిస్తారు. ముందు చక్రం పైకి లేచినప్పుడు అది ఊగి వెనుక చక్రాన్ని క్రిందికి నొక్కుతుంది. బరువు రెండు ఇరుసులకూ పంపకమవుతుంది. అడుగడుగునా స్పీడుబ్రేకర్లు, మధ్యమధ్య గుంటలు ఉన్న మన రోడ్లకు ఈ పంపకం ఎంతో అవసరం. పట్టీలు ఒకదానిపై ఒకటి ఒరసికొనే ఘర్షణవల్ల ఊగు కూడ త్వరగా అణగుతుంది. ఒక పట్టీ విరిగినా ఊరిలో ఏ కమానుల దుకాణంలోనైనా దొరుకుతుంది. అందుచేత మన శ్రోతకు నేను ఉక్కు కమానులనే సూచిస్తాను.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతుంటుంది. "బలంగా ఉండనీ" అని లారీకి తగిన దళసరి పట్టీలు వేయిస్తారు. బరువుతో ఉన్నప్పుడు 5 సెంటీమీటర్లు అణిగే కమాను, మన ట్రైలరు ఖాళీగా ఉన్నప్పుడు ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే అణుగుతుంది. అంతకన్న బిరుసైన కమాను వేస్తే ఖాళీబండి ప్రతి గుంటకూ ఎగిరి పడుతుంది. ఎగిరిన చక్రం నేలను తాకని ఆ క్షణంలో బ్రేకు ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు. బండిని ఆపేది బ్రేకు అని మనం అనుకొంటాము. బ్రేకు చక్రాన్ని మాత్రమే ఆపుతుంది, బండిని ఆపేది టైరుకూ నేలకూ ఉన్న పట్టు. ఆ పట్టు విడిపోకుండా చూడడం కమాను పని. లెక్కించిన బరువుకు కొంచెం మిగులు ఉంచి కమాను ఎన్నుకోవలెను గాని, రెండింతలు మూడింతలు పెంచరాదు. క్రొత్త కమానుల యు బోల్టులను మొదటి బరువు ప్రయాణం తరువాత మళ్ళీ బిగించవలెను. పట్టీలు సర్దుకొన్నకొద్దీ అవి వదులవుతవి.

బేరింగుల విషయం కొంచెం విస్తరించి చెప్పవలసి ఉన్నది. ఎందుకనగా కంటికి కనబడనిది అదే, అందరూ మరచిపోయేదీ అదే. ఎడ్లబండికి బేరింగు లేదు. ఇరుసు చుట్టూ చక్రం ఒరసికొంటూ తిరుగుతుంది. అందుకే బండివాడు ఆముదంతో చేసిన కందెన గొట్టాన్ని బండికి వ్రేలాడదీసుకొని, చక్రం కీచుమన్నప్పుడల్లా పూసేవాడు. మోటారు చక్రంలో ఒరపిడికి బదులు దొర్లుడు ఏర్పాటు చేశారు. ట్రైలరు చక్రాలకు ఎక్కువగా వాడేవి, ఒక వైపు సన్నగిల్లిన ఉక్కు రోలర్లుగల టేపరు బేరింగులు. వీటికి 1898లో హెన్రీ టిమ్‌కెన్ అమెరికాలో పేటెంటు పొందాడు. ప్రతి హబ్బులోను రెండేసి ఉంటవి. లోపలిది పెద్దది, బయటిది చిన్నది. వాలుగా ఎదురెదురుగా కూర్చుండటంవల్ల ఇవి పైనుంచి పడే బరువునేగాక మలుపులో ప్రక్కనుంచి వచ్చే త్రోపుడును కూడ తట్టుకొంటవి.

బేరింగు ఆయువుకు సంబంధించి ఇంజనీర్లు వాడే ఒక సూత్రం ఉన్నది. బరువు పెరిగినకొద్దీ రోలరు బేరింగు ఆయువు అదే పాళ్ళలో గాక, అంతకు ఎన్నో రెట్లు వేగంగా తగ్గుతుంది. బరువు 20 శాతం పెరిగితే ఆయువు దాదాపు సగానికి వస్తుంది. బరువు రెండింతలైతే ఆయువు పదవ వంతే మిగులుతుంది. మన శ్రోత కొన్న పాత ఇరుసును ఈ వెలుగులో చూతము. చిన్నకారు వెనుక ఇరుసు, మనుషులు ఎక్కి కూర్చున్నప్పుడు, 700 కిలోల ప్రాంతంలో మోయడానికి చేసినది. ఒకే ఇరుసుగా ట్రైలరుకు అమర్చితే 1,440 కిలోలు మోయవలెను. అంటే రెండింతలు. లక్ష కిలోమీటర్లు నడవవలసిన బేరింగు పదివేల కిలోమీటర్లకే ముగిసిపోతుంది. అదైనా క్రొత్త బేరింగు సంగతి! బజారులో దొరికిన ఇరుసు అంతకుముందు ఎంత నడిచినదో, ఏ ప్రమాదంలో వంగినదో అమ్మినవాడు చెప్పడు. బహుశా అతనికీ తెలియదు. కనుక ఇరుసుమీద ఇంత మోయగలదని తయారీదారు ముద్ర ఉన్న క్రొత్త ట్రైలరు ఇరుసులు, ఒక్కొక్కటి 1,000 కిలోలకు తగినవి రెండు తీసికోవడం యుక్తం.

మంచి బేరింగును కూడ చేతితో చెడగొట్టవచ్చును. అదెట్లాగంటే, కొందరు నట్టును బలంకొద్దీ బిగిస్తారు. టేపరు బేరింగు మితిమీరిన బిగువును సహించదు, వేడెక్కి కమిలిపోతుంది. వదులుగా ఉన్నా చక్రం ఊగి రోలర్ల అంచులు విరుగుతవి. చక్రాన్ని చేతితో త్రిప్పుతూ నట్టును బిగించి, రోలర్లు సర్దుకొన్న తరువాత పూర్తిగా వదిలి, మళ్ళీ వ్రేళ్ళతో మాత్రమే బిగించి, పిన్ను రంధ్రం కుదరకపోతే కొంచెం వెనుకకు త్రిప్పి పిన్ను వేయవలెను. ఎడ్లబండికి కడసీల ఎట్టిదో దీనికి ఆ పిన్ను అట్టిది. ఒకసారి తీసిన పాత పిన్నునే వంచి మళ్ళీ దూర్చేవారు ఆ సంగతి తలచుకోవలెను. ఇంకొక దురలవాటు చెబుతాను. కడిగిన బేరింగును గాలి గొట్టం ముందు పట్టుకొని బొంగరంవలె త్రిప్పి, ఆ ఈలపాటకు సంతోషించే కుర్రవాళ్ళను నేను చూశాను. గ్రీజు లేని రోలర్లు అంతటి వేగంతో తిరిగితే గీతలు పడతవి. పంజరం విరిగి ముఖాన తగిలితే ప్రమాదం వేరే.

మన శ్రోత ట్రైలరు వరదనీటిలోకి దిగవలసినదన్న విషయం మరువరాదు. కొంతదూరం నడిచిన హబ్బు వెచ్చగా ఉంటుంది. దానిని చల్లని నీటిలో దింపగానే లోపలి గాలి కుంచించుకొనిపోయి, రబ్బరు సీలు అంచునుంచి నీటిని లోపలికి పీల్చుకొంటుంది. గ్రీజు పాలవలె తెల్లబడుతుంది. ఆ బండిని అట్లే రెండు వారాలు నిలిపి ఉంచితే, ఒక్కొక్క రోలరు ఆనిన చోట ఒక్కొక్క తుప్పుగీత ఏర్పడుతుంది. తిరిగి నడిపినప్పుడు ఆ గీతలనుంచే ఉక్కు పెచ్చులు లేస్తుంది. కాబట్టి నీటిలో దిగేముందు హబ్బులు చల్లారే వరకు ఆగవలెను. దిగి వచ్చిన తరువాత, ఆ వారంలోనే, హబ్బులు విప్పి, బేరింగులను కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, రోలర్ల నడుమకు చొచ్చేటట్లు క్రొత్త గ్రీజు పట్టించి, సీలు మార్చవలెను. హబ్బులోని ఖాళీ అంతా గ్రీజుతో కూరరాదు. అది వేడిని పెంచుతుంది. రెండు రకాల గ్రీజులు కలపరాదు. కొన్నింటికి ఒకదానితో ఒకటి పొసగదు, పలుచబడి కారిపోతవి.

చివరకు బ్రేకులు. జీపు తూకం 1,700 కిలోలు అనుకొందాము. దాని బ్రేకులను తయారుచేసినవారు ఆ జీపును, అందులోని మనుషులను, సామానును ఆపడానికి చేశారు. ఇప్పుడు వెనుక 1,600 కిలోలు తగిలించినాము. ఆపవలసిన బరువు దాదాపు రెండింతలైనది. ఆపే బ్రేకులు మాత్రం అవే. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒంటరి జీపు, బ్రేకు పడిన తరువాత 10 మీటర్లలో ఆగేదైతే, బ్రేకు లేని ట్రైలరుతో 20 మీటర్ల దగ్గరకు పోతుంది. 60 కిలోమీటర్ల వేగంలో ఆపవలసిన శక్తి 40 నాటికన్న రెండుంబావు రెట్లు. అప్పుడు 10 మీటర్లు 23, 20 మీటర్లు 45 అవుతవి. అడ్డువచ్చిన పిల్లవానికీ మనకూ నడుమ ఎన్ని మీటర్లున్నవో ముందుగా ఎవరు చెప్పగలరు?

దూరం ఒక్కటే కాదు. జీపు ఆగుతున్నది, ట్రైలరుకు ఆగవలెనన్న ప్రేరణ లేదు. అది కొక్కెంద్వారా జీపును వెనుకనుంచి నెడుతుంది. దారి తిన్నగా ఉంటే నెట్టుడు నేరుగా పడుతుంది. మలుపులో గాని, తడిరోడ్డుమీద గాని ఐతే జీపు వెనుకభాగాన్ని ప్రక్కకు త్రోసి, రెండు బండ్లూ చాకు మడిచినట్లు మడతపడతవి. ఐరోపా దేశాలలో మొత్తం బరువు 750 కిలోలకు లోబడిన చిన్న ట్రైలర్లను మాత్రమే బ్రేకులు లేకుండా అనుమతిస్తారు. మనం చెప్పుకొంటున్నది దానికి రెండింతలకు పైబడినది. ఇక మన చట్టంలో ట్రైలరు కూడ మోటారు వాహనమే. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోనే దానిని చేర్చినారు. రిజిస్ట్రేషను అవసరమే. కనుక ఇనుము కొని వెల్డింగు ఆరంభించడానికి ముందే రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం వివేకం.

ట్రైలరు బ్రేకులలో చిన్నబండ్లకు పనికివచ్చేవి రెండు విధాలు. మొదటిదానిలో, ట్రైలరు ముందుకు నెట్టే ఆ నెట్టుడునే పనికి వినియోగిస్తారు. కొక్కెం తల కొంచెం వెనుకకు జరిగి, కడ్డీనిగాని నూనె సిలిండరునుగాని నొక్కి, ట్రైలరు చక్రాల బ్రేకు షూలను పట్టిస్తుంది. ఎంత నెట్టితే అంత పట్టు. విద్యుత్తు అక్కరలేదు. ఐరోపాలో 3,500 కిలోల వరకు దీనిని వాడుతారు. లోపాలు రెండు. బండిని వెనుకకు నడిపినప్పుడు కూడ కొక్కెం నొక్కుకొని బ్రేకు పడుతుంది గనుక, వెనుకకు తిరిగేటప్పుడు షూలు వాటంతటవే వదిలే ఏర్పాటుగల రకం తీసికోవలెను. శ్రీశైలం ఘాటు వంటి దీర్ఘమైన దిగుడులో ట్రైలరు నిరంతరం నెడుతూనే ఉంటుంది గనుక, బ్రేకు కూడ నిరంతరం ఒరసికొని డ్రమ్ములు కాగిపోతవి. అట్టి చోట చిన్నగేరులో మెల్లగా దిగి, నడుమ ఆగి చల్లార్చుకోవలెను.

రెండవది విద్యుత్ బ్రేకు. డ్రమ్ములో ఉన్న అయస్కాంతానికి బ్యాటరీనుంచి విద్యుత్తు అందగానే అది తిరుగుతున్న డ్రమ్ముకు అంటుకొని, ఒక మీటను లాగి షూలను పట్టిస్తుంది. డ్రైవరు చేతి దగ్గర ఉన్న పెట్టెతో ఎంత పట్టవలెనో నిర్ణయించవచ్చును. ట్రైలరు ఊగినప్పుడు జీపు బ్రేకు తాకకుండా ట్రైలరు బ్రేకునొక్కదానినే పట్టించి నిలువరించవచ్చును. ఇది గొప్ప సదుపాయమే. అమెరికాలో దీనికే ప్రచారం ఎక్కువ. కాని మాటిమాటికి బురదనీటిలో దిగే బండికి తీగెల కీళ్ళు తుప్పుపట్టడం, ఆ అయస్కాంతాలు సులువుగా దొరకకపోవడం ఆలోచించవలసినవి. ఎక్కువగా నగరంలోనే తిరిగే మన శ్రోతకు మొదటి రకం, రెండు ఇరుసుల నాలుగు చక్రాలకూ అమర్చినది, అనుకూలమని తోస్తున్నది. ఏది తీసికొన్నా, కొక్కెం విడిపోతే ట్రైలరు బ్రేకు తనంతట పడేటట్లు ఒక తీగెత్రాడు, రెండు కావలి గొలుసులు తప్పక ఉండవలెను.

పెనుకొండ దగ్గర 2019నుంచి కార్లు తయారుచేస్తున్న కియా వంటి కర్మాగారాలనుంచి కార్లను మోసికొనిపోయే పెద్ద ట్రైలర్ల సంగతి వేరు. వాటికి గాలి బ్రేకులుంటవి. గాలి ఉన్నంతవరకు బలమైన స్ప్రింగు ఒకటి అణగి ఉంటుంది, గాలి పోతే ఆ స్ప్రింగు విడిపడి చక్రాలను బంధిస్తుంది. ధూల్‌పేటనుంచి గణపతి విగ్రహాలను తరలించే ట్రాలీలు కూడ మన శ్రోతకు నిత్యం కనబడేవే. నడకవేగంతో పోయే ఊరేగింపులో బ్రేకు లేని లోపం బయటపడదు. గరిమనాభి అంత ఎత్తున ఉన్న ఆ బరువుతో వంతెన దిగుడులో వేగం అందుకొంటే బయటపడుతుంది.

డ్రమ్ము బ్రేకులు నీటిలో మునిగి వచ్చిన తరువాత కొంతసేపు పట్టవు. మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు బ్రేకు వేసి ఆరబెట్టుకోవలెను. వానాకాలంలో చేతిబ్రేకు వేసి రోజుల తరబడి నిలిపితే షూలు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కొంటవి. అందువల్ల నిలువ ఉంచేటప్పుడు చేతిబ్రేకు వదిలి, చక్రాలకు ముందూ వెనుకా చెక్క అడ్డులు పెట్టడం మేలు.

ట్రైలరు సిద్ధమైన తరువాత మొదటిసారి కారు ఎక్కించి ఒక పది కిలోమీటర్లు నడిపి ఆగండి. నాలుగు హబ్బులపైనా అరచేయి ఆనించి చూడండి. నాలుగూ ఒకే తీరున గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి మాత్రమే కాలుతూ ఉంటే అక్కడ బేరింగు బిగువుగా ఉన్నదో, బ్రేకు వదలడం లేదో తేల్చుకోవలెను. నాలుగూ కాలుతూ ఉంటే కొక్కెం దగ్గర బ్రేకు కడ్డీ సర్దుబాటు తప్పినది. చక్రాల నట్లను అక్కడే ఒకసారి, ఏబై కిలోమీటర్లయిన తరువాత మరొకసారి బిగించండి. ఏడాదికొకసారి, మృగశిర కార్తెకు ముందు, హబ్బులు విప్పి చూడండి. జుమ్మెరాత్ బజారులో కొన్న ఆ ఇరుసు మాటంటారా, దానిని ఇనుము ధరకు అక్కడే తిరిగి అమ్మివేయవచ్చును.